అతిశుద్ధ జలంలో కండక్టివిటీ మీటర్ల కాలిబ్రేషన్

నీటి గుండా విద్యుత్తు ఎంత సులువుగా ప్రవహిస్తుందో చెప్పే కొలత వాహకత. నీటి అణువులు వాటంతట అవి విద్యుత్తును మోయలేవు. అందులో కరిగిన లవణాలు, ఆమ్లాలు, క్షారాలు విడిపోయి ఏర్పడే అయాన్లే దాన్ని మోస్తాయి. అందుకే నీటిలో అయాన్లుగా విడిపోయే మలినాలు ఎంత ఉన్నాయో క్షణంలో తెలుసుకోవడానికి వాహకతను మించిన సాధనం లేదు. ఇంట్లో ఆర్.ఓ. నీళ్ళు పరీక్షించే టీడీఎస్ మీటర్ కూడా లోపల చేసేది ఇదే పని. వాహకతను కొలిచి, ఒక గుణకంతో హెచ్చించి, కరిగిన పదార్థాల లెక్కగా చూపిస్తుంది.

బోరు నీటిలో ఈ విలువ సెంటీమీటరుకు వెయ్యి మైక్రోసీమెన్స్ దాటడం మామూలే. ఇక్కడి నుంచి మైక్రోసీమెన్స్ అన్న ప్రతిచోటా సెంటీమీటరుకు అనే అర్థం. విద్యుత్ కేంద్రాల బాయిలర్లు, ఇంజక్షన్ మందుల తయారీ, చిప్పుల కర్మాగారాలు వాడే నీటి లెక్క వేరు. అక్కడి కొలతలు ఒకటి కంటే తక్కువలో, తరచు 0.1 కంటే కిందనే ఉంటాయి. ఆ స్థాయిలో మీటరు చెప్పే అంకెను నమ్మాలంటే దాన్ని దేనితో సరిచూడాలి? సరిచూడటానికి తెచ్చిన ప్రామాణిక ద్రావణమే గాలి సోకగానే మారిపోతుంది. అల్ప వాహకత కాలిబ్రేషన్‌కు ఉన్న ప్రధాన చిక్కు ఇదే. ఈ రంగంలో ఏర్పడిన పద్ధతులన్నీ దీనికి వెతికిన సమాధానాలే.

ప్రమాణాలు, పరిమాణాలు

వాహకతకు ప్రమాణం సీమెన్స్. జర్మన్ ఇంజనీరు వెర్నర్ ఫాన్ సీమెన్స్ పేరు మీద 1971లో తూనికలు, కొలతల అంతర్జాతీయ మహాసభ దీన్ని ఆమోదించింది. అంతకుముందు ఓమ్ అనే మాటను తిరగరాసి ‘మో’ అనేవారు. వాహకతకు విలోమం నిరోధకత. సెమీకండక్టర్, ప్రయోగశాల రంగాల వాళ్ళు నిరోధకతలోనే మాట్లాడతారు. వాళ్ళు ‘18 మెగోమ్ నీళ్ళు’ అంటే అత్యంత శుద్ధమైన నీరని అర్థం.

నీటి శుద్ధతకు అంతు ఉంది. ఒక్క మలినం లేకపోయినా నీటి అణువుల్లో అతి కొద్ది భాగం తమంతట తామే హైడ్రోజన్, హైడ్రాక్సైడ్ అయాన్లుగా విడిపోతాయి. 25 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఈ అయాన్ల గాఢత లీటరుకు కోటో వంతు మోల్. వాటి చలనశీలతతో లెక్క కడితే వాహకత 0.055 మైక్రోసీమెన్స్ వస్తుంది. నిరోధకతగా చెబితే 18.18 మెగోమ్-సెంటీమీటర్లు. ట్రూమన్ లైట్, స్టువర్ట్ లిఖ్ట్, ఆంథొనీ బెవిలాక్వా, కెనెత్ మొరాష్ 2005లో ప్రచురించిన పత్రం ఈ విలువను 0 నుంచి 100 డిగ్రీల దాకా స్థిరపరచింది.

ఈ అడుగు మట్టానికి అతి కొద్ది ఉప్పు చేరినా తేడా కనిపిస్తుంది. లీటరుకు ఒక మైక్రోగ్రాము సోడియం క్లోరైడ్ కలిస్తే వాహకత సుమారు 0.002 పెరుగుతుంది, నిరోధకత 18.18 నుంచి 17.5 దగ్గరకు పడిపోతుంది. లీటరుకు ఒక మైక్రోగ్రాము అంటే పది లక్షల లీటర్లకు ఒక గ్రాము. పదివేల లీటర్ల ట్యాంకర్లు వంద తెచ్చి, వాటన్నిటికీ కలిపి ఒక్క గ్రాము ఉప్పు పంచితే వచ్చే గాఢత అది. మంచి మీటరు దాన్ని పట్టుకోగలదు, తన సెల్ స్థిరాంకం, తన థర్మామీటరు సరిగా ఉన్నంత వరకు.

చరిత్ర

ఈ కొలతకు పునాది వేసినవాడు జర్మన్ భౌతిక శాస్త్రవేత్త ఫ్రీడ్రిఖ్ కోల్‌రౌష్ (1840–1910). ఏకముఖ విద్యుత్తు పంపితే ఎలక్ట్రోడ్ల దగ్గర అయాన్లు పోగుపడి కొలత తప్పుతుంది. దీన్నే ధ్రువణం అంటారు. కోల్‌రౌష్ ఏకాంతర విద్యుత్తును, నల్లటి ప్లాటినం పూత పూసిన ఎలక్ట్రోడ్లను వాడి ఈ దోషాన్ని అదుపు చేశాడు. నిరోధం కొలిచే బ్రిడ్జి సర్క్యూటు సమతూకానికి వచ్చిందో లేదో తెలుసుకోవడానికి టెలిఫోను రిసీవరు చెవి దగ్గర పెట్టుకుని, మోత ఎక్కడ సన్నబడుతుందో వినేవాడు. 1894లో అడాల్ఫ్ హైడ్‌వైలర్‌తో కలిసి శూన్యంలో స్వేదనం చేసిన నీటిని తయారుచేసి, 18 డిగ్రీల దగ్గర 0.043 మైక్రోసీమెన్స్ కొలిచాడు. ఆ ఉష్ణోగ్రతకు నేడు అంగీకరించిన విలువకు అది ఆశ్చర్యం కలిగించేంత దగ్గర. అప్పటికి నీటిని శుద్ధి చేసే అయాన్ మార్పిడి రెసిన్లు లేవు, ఎలక్ట్రానిక్స్ లేదు. శుద్ధమైన నీటిని గాలి నుంచి, గాజు నుంచి కాపాడటమే కొలతలో సగం పని అని ఆనాడే రుజువైంది.

1933లో హార్వర్డ్‌లో గ్రినెల్ జోన్స్, బెంజమిన్ బ్రాడ్‌షా పొటాషియం క్లోరైడ్ ద్రావణాల వాహకతను తిరిగి కచ్చితంగా నిర్ణయించారు. తర్వాతి దశాబ్దాల్లో ప్రపంచమంతా మీటర్లను సరిచూసుకోవడానికి ఆధారపడింది ప్రధానంగా ఈ విలువల మీదే.

సెల్, సెల్ స్థిరాంకం

మీటరు నేరుగా కొలిచేది రెండు ఎలక్ట్రోడ్ల మధ్య నీటి నిరోధం. దాన్ని వాహకతగా మార్చడానికి ఎలక్ట్రోడ్ల మధ్య దూరాన్ని వాటి వైశాల్యంతో భాగిస్తే వచ్చే సంఖ్య కావాలి. అదే సెల్ స్థిరాంకం, వాడుకలో సెల్ కాన్‌స్టెంట్. నీరు ఎంత శుద్ధమైతే నిరోధం అంత ఎక్కువ. దాన్ని కొలవగలిగే స్థాయికి దించడానికి ఎలక్ట్రోడ్ల మధ్య సందు తగ్గించి, వైశాల్యం పెంచుతారు. అతిశుద్ధ జలానికి వాడే సెల్ సాధారణంగా ఒక టైటానియం గొట్టం, దాని నడుమ తగలకుండా నిలిచిన మరో టైటానియం కడ్డీ. స్థిరాంకం 0.01 లేదా 0.1.

స్థిరాంకం 0.01 ఉన్న సెల్‌లో 25 డిగ్రీల అతిశుద్ధ జలం నిరోధం దాదాపు 1,82,000 ఓమ్‌లు. స్థిరాంకం 1 ఉన్న మామూలు ప్రయోగశాల సెల్‌లో ఇది కోటీ 82 లక్షల ఓమ్‌లు అవుతుంది. అంత ఎక్కువ నిరోధం దగ్గర కేబుల్ లోపలి కెపాసిటెన్స్, కనెక్టరులో చేరిన చెమ్మ కూడా కొలతలో కలిసిపోతాయి.

పౌనఃపున్యం ఎంపిక కూడా ఇక్కడ తేలిక కాదు. ధ్రువణం తగ్గాలంటే ఎక్కువ పౌనఃపున్యం మంచిది. కానీ నీరు వాహకం మాత్రమే కాదు, కెపాసిటరు మధ్య పదార్థం కూడా. అతిశుద్ధ జలంలో సుమారు 1.3 కిలోహెర్ట్జ్ దగ్గర కెపాసిటెన్స్ గుండా పోయే విద్యుత్తు, అయాన్లు మోసే విద్యుత్తు సమానమవుతాయి. సెల్ ఆకారం ఎలా ఉన్నా ఈ హద్దు మారదు. అందుకే తక్కువ వాహకత దగ్గర మంచి మీటర్లు తమంతట తామే వంద హెర్ట్జ్ స్థాయికో, అంతకన్నా కిందికో దిగి, కెపాసిటెన్స్ వాటాను వేరు చేస్తాయి.

గాలి చేసే పని

ఒక ప్రయోగం చూస్తే సమస్య కళ్ళకు కడుతుంది. శుద్ధి యంత్రం చివరి గొట్టంలో మీటరు 0.055 చూపిస్తోంది. ఆ నీటినే శుభ్రమైన బీకరులో పట్టి, అదే రకం సెల్ ముంచితే అంకె అప్పటికే పైకి పోయి ఉంటుంది. చూస్తుండగానే 0.2, 0.4 దాటుతుంది. కలియబెడితే ఇంకా త్వరగా ఎక్కి, చివరికి ఒకటికి కొంచెం ఇటుగా ఆగుతుంది. మీటరు చెడిపోలేదు, బీకరు మురికిది కాదు. గాలిలోని కార్బన్ డయాక్సైడ్ నీటిలో కరిగి కార్బోనిక్ ఆమ్లమై, హైడ్రోజన్, బైకార్బొనేట్ అయాన్లనిచ్చింది. గాలితో సమతుల్యంలో ఉన్న శుద్ధ జలం పీహెచ్ 5.6 దగ్గర, వాహకత సుమారు 0.9 మైక్రోసీమెన్స్ దగ్గర నిలుస్తాయి. నీటి సొంత వాహకతకు ఇది పదహారు రెట్లకు పైమాటే.

గాజు పాత్ర నుంచి సోడియం, వేలి నుంచి చెమట ఉప్పు దీనికి తోడవుతాయి. ఒక లీటరు నీటిలో ఒక మిల్లీగ్రాము ఉప్పు పడితే చాలు, వాహకత రెండు మైక్రోసీమెన్స్ పెరుగుతుంది.

ఉష్ణోగ్రత

వాహకత ఉష్ణోగ్రతతో పాటు పెరుగుతుంది. మామూలు ఉప్పు నీటిలో ఈ పెరుగుదల డిగ్రీకి రెండు శాతం. అతిశుద్ధ జలంలో 25 డిగ్రీల దగ్గర అది ఐదు శాతం, ఎందుకంటే వేడి పెరిగితే అయాన్ల వేగంతో పాటు వాటి సంఖ్య కూడా పెరుగుతుంది. సున్నా డిగ్రీల దగ్గర సుమారు 0.01 ఉన్న విలువ, వంద డిగ్రీల దగ్గర 0.8కి చేరువవుతుంది.

దీని పర్యవసానాలు రెండు. మొదటిది, సెల్‌లోని థర్మామీటరు అర డిగ్రీ తప్పితే వాహకత రెండున్నర శాతం తప్పుతుంది. కాబట్టి ఉష్ణోగ్రత సెన్సరును సరిచూడకుండా చేసిన కాలిబ్రేషన్ అసంపూర్ణం. రెండవది, మీటరులోని ఉష్ణోగ్రతా సవరణ సూత్రం. 35 డిగ్రీల అతిశుద్ధ జలానికి రెండు శాతం సూత్రం వాడితే, 25 డిగ్రీలకు సవరించిన విలువ 0.055కి బదులు 0.07 దాటి కనిపిస్తుంది. లేని మలినం ఉన్నట్టు కనిపించి, ప్లాంటులో వెతుకులాట మొదలవుతుంది. అందుకే అల్ప వాహకత మీటర్లు నీటి సొంత అయాన్ల వాటాను, లవణాల వాటాను వేరుగా సవరించే సూత్రాన్ని వాడతాయి.

ప్రామాణిక ద్రావణాలు

కాలిబ్రేషన్‌కు అందరికీ పరిచయమైనవి పొటాషియం క్లోరైడ్ ద్రావణాలు. 25 డిగ్రీల దగ్గర 0.01 మోలార్ ద్రావణం 1413 మైక్రోసీమెన్స్, 0.001 మోలార్ ద్రావణం 147 మైక్రోసీమెన్స్ ఇస్తాయి. 1985 నాటి అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్‌ఓ 7888 ఈ పట్టికను 0.0005 మోలార్ వరకు, అంటే 74 మైక్రోసీమెన్స్ వరకు తీసుకెళ్ళి ఆపింది.

అక్కడ ఆగడానికి కారణం లెక్కలోనే ఉంది. ద్రావణం కలిపే నీరు గాలి పీల్చి ఒక మైక్రోసీమెన్స్ తెచ్చిందనుకుందాం. 147 విలువ గల ద్రావణంలో ఆ దోషం ఒక శాతం లోపే. 5 విలువ గల ద్రావణంలో అదే ఇరవై శాతం. సీసా మూత తీసిన ప్రతిసారీ ఆ దోషం మారుతుంది కూడా. అమెరికా జాతీయ కొలతల సంస్థ నిస్ట్ 25, 15, 5 మైక్రోసీమెన్స్ స్థాయిల ప్రామాణిక పదార్థాలను రూపొందించింది. వాటిలో అతి తక్కువ స్థాయి ద్రావణాలకు ఒట్టి నీటికి బదులు ప్రొపనాల్ కలిసిన నీటిని వాడింది. ఆల్కహాల్ కలిసిన నీటిలో కార్బోనిక్ ఆమ్లం అయాన్లుగా విడిపోవడం తగ్గుతుంది, కాబట్టి గాలి ప్రభావం తక్కువ. వాటి ఉష్ణోగ్రతా ప్రవర్తన మాత్రం నీటి ద్రావణాలది కాదు. సవరణ ఆపేసి, సరిగ్గా 25 డిగ్రీల దగ్గరే వాడాలి.

ఈ ద్రావణాల విలువలు ఎక్కడి నుంచి వస్తాయన్నది మరో ప్రశ్న. జాతీయ సంస్థలు ప్రత్యేకమైన ప్రాథమిక సెల్‌లు వాడతాయి. ఒక రకంలో సెల్ నడుమ ఉన్న గొట్టాన్ని తీసి పెట్టవచ్చు. ఆ గొట్టం పొడవు, అడ్డుకోత వైశాల్యం కచ్చితంగా కొలిచి ఉంచుతారు. గొట్టంతో ఒకసారి, గొట్టం లేకుండా ఒకసారి నిరోధం కొలిచి తేడా తీస్తే ఎలక్ట్రోడ్ల చివరి దోషాలు రద్దవుతాయి. ఆ విధంగా వాహకత మరో ద్రావణం మీద ఆధారపడకుండా, నేరుగా పొడవు ప్రమాణమైన మీటరుకు, నిరోధం ప్రమాణమైన ఓమ్‌కు ముడిపడుతుంది. జర్మనీలో ఈ పని చేసే జాతీయ సంస్థ పీటీబీకి మూలమైన సంస్థకు 1895 నుంచి 1905 వరకు అధ్యక్షుడు కోల్‌రౌషే.

కాలిబ్రేషన్ పద్ధతులు

ద్రావణం నమ్మదగినది కానప్పుడు కొలతను ముక్కలుగా విడదీసి, ఒక్కో ముక్కను విడిగా సరిచూడటం మొదటి మార్గం. ముక్కలు మూడు: ఎలక్ట్రానిక్స్, థర్మామీటరు, సెల్ స్థిరాంకం.

ఎలక్ట్రానిక్స్‌కు సెల్ తీసేసి, దాని స్థానంలో విలువ కచ్చితంగా తెలిసిన నిరోధకాలు కలుపుతారు. స్థిరాంకం 0.01గా అమర్చిన మీటరు 10,000 ఓమ్‌లకు 1.00, లక్ష ఓమ్‌లకు 0.100, 1,82,000 ఓమ్‌లకు 0.055 చూపాలి. ఏదీ కలపనప్పుడు సున్నా చూపాలి. ఆరబెట్టిన సెల్‌ను కలిపి గాలిలో ఉంచినా సున్నాయే రావాలి. రాకపోతే ఎక్కడో లీకేజీ ఉంది. అతిశుద్ధ జలం కొలిచేటప్పుడు కనెక్టరులోని చెమ్మ వల్ల ఒక కోటీ 82 లక్షల ఓమ్‌ల దారి ఏర్పడినా విలువ ఒక శాతం పెరుగుతుంది.

సెల్ స్థిరాంకం జ్యామితికి సంబంధించినది. సెల్ లోహం వంగనంత వరకు, మురికి పట్టనంత వరకు నీటి గాఢతతో అది మారదు. కాబట్టి గాలికి తట్టుకునే 147 మైక్రోసీమెన్స్ ద్రావణంలో దాన్ని కనుక్కుని, 0.055 దగ్గర వాడవచ్చు. ఇందులో ఒక జాగ్రత్త ఉంది. స్థిరాంకం 0.01 ఉన్న సెల్‌లో ఆ ద్రావణం నిరోధం 68 ఓమ్‌లే. అక్కడ తీగలో ఒక ఓమ్ ఎక్కువైతే ఒకటిన్నర శాతం తప్పు, ధ్రువణం వల్ల మరికొంత. 68 ఓమ్‌ల దగ్గర ఒక రకం దోషం, 1,82,000 ఓమ్‌ల దగ్గర మరో రకం దోషం. ఈ రెండు కొసలనూ సరిగా కొలిచే మీటరుతోనే ఈ పద్ధతి నిలుస్తుంది.

రెండవ మార్గం పోల్చి చూడటం. నీటిని మీటరు దగ్గరికి మోసుకుపోకుండా, మీటరునే నీటి దారిలో పెట్టడం దీని సారం. శుద్ధి యంత్రం నుంచి వచ్చే నీరు గాలి సోకకుండా మూసిన గొట్టంలో ముందు ప్రామాణిక సెల్ గుండా, వెంటనే పరీక్షించే సెల్ గుండా ప్రవహిస్తుంది. ప్రవహించే అతిశుద్ధ జలంలో కొలతకు అమెరికా ప్రమాణం ఏఎస్‌టీఎమ్ డి5391 ఈ రకం ఏర్పాటునే చెబుతుంది. గొట్టాలు స్టెయిన్‌లెస్ స్టీలువో, వాయువులు చొరని ప్లాస్టిక్‌వో కావాలి. సిలికోన్ గొట్టం కార్బన్ డయాక్సైడ్‌ను లోపలికి రానిస్తుంది.

ఉదాహరణకు ప్రామాణిక మీటరు 0.0558, పరీక్షించే మీటరు 0.0575 చూపాయనుకుందాం. రెండో మీటరులో స్థిరాంకం 0.0100గా ఉంది. 0.0558ని 0.0575తో భాగించి, 0.0100తో హెచ్చిస్తే కొత్త స్థిరాంకం 0.00970. ఇది మూడు శాతం మార్పు. ఆ సంఖ్యను వెంటనే మీటరులోకి ఎక్కించడం తొందరపాటు. థర్మామీటరు ఆరు పదో వంతు డిగ్రీ తప్పినా సరిగ్గా ఇంతే తేడా వస్తుంది. అనుభవజ్ఞులు రెండు మీటర్లలోనూ ఉష్ణోగ్రతా సవరణ ఆపేసి, ఒకే నీటిలో, ఒకే ఉష్ణోగ్రతలో వాహకతను పోలుస్తారు. థర్మామీటరును విడిగా సరిచూస్తారు. ఆ తర్వాతే స్థిరాంకాన్ని ముట్టుకుంటారు.

ప్రవాహంతో ఇంకొక పరీక్ష చేయవచ్చు. నీటి వేగం తగ్గించగానే వాహకత పెరిగిందంటే గొట్టాల నుంచో, కీళ్ళ నుంచో మలినం చేరుతోంది. కీలులో సన్నని చీలిక నుంచి నీరు బయటికి కారకపోయినా గాలి లోపలికి రాగలదు. ఎలక్ట్రోడ్ల మధ్య బుడగ చిక్కుకుంటే విలువ తగ్గి కనిపిస్తుంది, రెసిన్ తునక చిక్కుకుంటే పెరిగి కనిపిస్తుంది. ఇలాంటి దోషాలను స్థిరాంకం మార్చి సర్దితే, తునక తొలగిన రోజున మీటరు నిజంగానే తప్పు చెప్పడం మొదలుపెడుతుంది.

మందుల పరిశ్రమలో

అమెరికా ఫార్మకోపియాలోని 645వ అధ్యాయం మందుల తయారీ నీటికి వాహకత పరీక్షను నిర్దేశిస్తుంది. అమెరికాకు మందులు ఎగుమతి చేసే హైదరాబాద్, విశాఖపట్నం పరిసరాల ఫార్మా కర్మాగారాల్లో ఇది నిత్య వ్యవహారం. సెల్ స్థిరాంకం రెండు శాతం లోపు తెలిసి ఉండాలి, సెల్‌ను మినహాయించి మీటరు కచ్చితత్వం 0.1 మైక్రోసీమెన్స్ ఉండాలి, నిరోధకాలతో దాన్ని సరిచూడాలి. కొలతలో ఉష్ణోగ్రతా సవరణ వాడకూడదు.

మొదటి దశలో 25 డిగ్రీల నీటికి హద్దు 1.3, 80 డిగ్రీల నీటికి 2.7 మైక్రోసీమెన్స్. అది దాటితే రెండో దశ. కనీసం వంద మిల్లీలీటర్ల నీటిని 25 డిగ్రీల దగ్గర ఉంచి గట్టిగా కలియబెడతారు. ఐదు నిమిషాల్లో మార్పు 0.1 కంటే తగ్గే దాకా ఆగి, అప్పుడు కొలుస్తారు. హద్దు 2.1. గాలిని ఆపలేని చోట దాన్ని పూర్తిగా లోపలికి రానిచ్చి, దాని వాటాను ముందే లెక్కలో వేసుకోవడం ఈ దశలోని వివేకం.

విద్యుత్ కేంద్రాల్లో

రామగుండం, కొత్తగూడెం, సింహాద్రి, విజయవాడ వంటి థర్మల్ కేంద్రాల్లో ఆవిరి తిప్పే టర్బైన్లకు క్లోరైడ్, సల్ఫేట్ అయాన్లు ప్రమాదకరం. లోహం తుప్పు పట్టకుండా నీటిలో అమ్మోనియా కలుపుతారు. దాని వాహకత కొన్ని మైక్రోసీమెన్స్ ఉండి అసలు మలినాన్ని కప్పేస్తుంది. అందుకే నమూనాను కేటయాన్ రెసిన్ గుండా పంపి అమ్మోనియాను తొలగించి, మిగిలింది కొలుస్తారు. దీన్ని కేటయాన్ కండక్టివిటీ అంటారు. ఆధునిక బాయిలర్లలో ఇది 0.2 లోపు ఉండాలన్నది విస్తృతంగా పాటించే హద్దు. కండెన్సరు ట్యూబుకు చిన్న చిల్లు పడి శీతలీకరణ నీరు లోపలికి చేరితే ముందుగా పసిగట్టేది ఈ మీటరే. ఇక్కడ కాలిబ్రేషన్‌లో సెల్‌తో పాటు రెసిన్‌ను కూడా చూడాలి. పనితనం అయిపోయిన రెసిన్ అమ్మోనియాను వదిలేస్తుంది, సరిగా కడగని కొత్త రెసిన్ తన మలినాన్ని కలుపుతుంది.

భారతదేశంలో ప్రమాణాలు

భారత ప్రమాణాల్లో ఐఎస్ 3025 పద్నాలుగవ భాగం నీటి వాహకతా పరీక్షకు, ఐఎస్ 1070 ప్రయోగశాల నీటికి సంబంధించినవి. అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్‌ఓ 3696 ప్రయోగశాల నీటిని మూడు శ్రేణులుగా విభజించింది. వాటి గరిష్ఠ వాహకత 0.1, 1, 5 మైక్రోసీమెన్స్. దేశంలో కొలతల శిఖరాన ఉన్నది న్యూఢిల్లీలోని జాతీయ భౌతిక ప్రయోగశాల. కాలిబ్రేషన్ ప్రయోగశాలలకు గుర్తింపు ఇచ్చేది ఎన్‌ఏబీఎల్. కాలిబ్రేషన్ సర్టిఫికెట్ చదివేటప్పుడు అది ఏ వాహకత దగ్గర చేసిందో మొదట చూడాలి. 1413 దగ్గర చేసిన సర్టిఫికెట్ 0.06 దగ్గరి అంకెకు హామీ కాదు.

ప్రకృతి ఇచ్చిన అడుగు మట్టం

గాలి, గాజు, చెమట, బుడగ అన్నీ కొలతను చెరపగలవు. నీటి సొంత అయాన్ల లెక్కను మాత్రం ఏదీ మార్చలేదు. 25 డిగ్రీల దగ్గర ఏ నీటి వాహకతా 0.055 కంటే తగ్గదు. ఏ మీటరైనా 0.050 చూపిందంటే నీరు అంత బాగుందని సంతోషించకూడదు. మీటరు తప్పుతోంది, లేదా బుడగ పట్టింది, లేదా థర్మామీటరు ఎక్కువ చూపిస్తోంది. తాజా రెసిన్ నుంచి మంచి వేగంతో వచ్చే నీటిలో అంకె 0.055 దగ్గర కదలకుండా నిలిచిందంటే సెల్, ఎలక్ట్రానిక్స్, థర్మామీటరు మూడూ ఒక మాట మీద ఉన్నట్టే. సీసాలో దొరకని ప్రమాణం ఆ గొట్టంలో ప్రవహిస్తూ ఉంటుంది. అయితే ఈ మట్టం తక్కువ చూపే మీటరును మాత్రమే నిలదీయగలదు. అంకె 0.058 దగ్గర ఉన్నప్పుడు ఆ 0.003 నీటిలో ఉందో మీటరులో ఉందో తేల్చాలంటే నిరోధకాలు, థర్మామీటరు, ప్రామాణిక సెల్ మళ్ళీ ఒకటొకటిగా ముందుకు రావలసిందే.